ఎరువు తెచ్చిన చిత్రాల ఋతువు: పారిస్‌లో శరత్కాల ప్రదర్శనలు చూసే పద్ధతి

పారిస్ నగరంలో వేసవి సెలవులు ఆగస్టుతో ముగుస్తాయి. సెప్టెంబరు మొదట్లో బడులు, కార్యాలయాలు, నాటకశాలలు అన్నీ తిరిగి పనిలో పడే ఆ సమయాన్ని ఫ్రెంచివారు ‘రాంత్రే’ అంటారు. మ్యూజియంలు సైతం తమ పెద్ద ప్రదర్శనలను ఎక్కువగా ఈ సమయాన్ని చూసుకునే అమర్చుకుంటాయి. సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు చివరి వరకు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటాయి. వాటిలో చాలా భాగం జనవరిలో మూతపడతాయి. అందువల్ల అక్టోబరు చివర్లోనో, నవంబరులోనో వెళ్ళిన సందర్శకునికి ఆ ఏటి ముఖ్య ప్రదర్శనలు దాదాపు అన్నీ ఒకేసారి అందుబాటులో ఉంటాయి. నాలుగైదు రోజుల కోసం వచ్చినవారికి అదే అదృష్టం, అదే ఇబ్బంది కూడా. ఏది చూడాలో, దేన్ని వదులుకోవాలో ముందుగా తేల్చుకోకపోతే ప్రయాణంలో సగం వరుసల్లో నిలబడటానికే సరిపోతుంది.

ఈ నగరంలో శరత్కాలానికీ ప్రదర్శనలకూ ఉన్న అనుబంధం నిన్నమొన్నటిది కాదు. అధికారిక చిత్రప్రదర్శన అయిన ‘సలోన్’ వసంతకాలంలో జరిగే రోజుల్లో, 1903లో వాస్తుశిల్పి ఫ్రాంత్స్ జూర్దాన్ చొరవతో ‘సలోన్ దోతోన్’, అంటే శరత్కాల ప్రదర్శన, మొదలైంది. వేసవిలో ఆరుబయట కూర్చుని వేసిన బొమ్మలను రంగు పూర్తిగా ఆరీ ఆరకముందే జనం ముందు పెట్టుకునే అవకాశం చిత్రకారులకు దానివల్ల దొరికింది. 1905లో గ్రాండ్ పాలే భవనంలో జరిగిన ప్రదర్శనలో మతీస్, దెరాన్, వ్లామింక్ మొదలైనవారి చిత్రాల మధ్య సంప్రదాయ పద్ధతిలో చేసిన ఒక శిల్పాన్ని చూసి, క్రూరమృగాల నడుమ పాతకాలపు ఇటలీ శిల్పి దొనాతెల్లో చిక్కుకున్నాడని విమర్శకుడు లూయీ వోసెల్ ఎగతాళి చేశాడు. ఫ్రెంచిలో క్రూరమృగాన్ని ‘ఫోవ్’ అంటారు; ఆ ఎగతాళి నుంచే మతీస్ బృందపు చిత్రణకు ‘ఫోవిజం’ అనే పేరు పుట్టింది. 1906లో కన్నుమూసిన చిత్రకారుడు సెజాన్ చిత్రాలను 1907లో అక్కడే ఒకచోట చేర్చి చూపించారు. కొత్త చిత్రాలను మొదటిసారి చూపడం, చెదిరి ఉన్న చిత్రాలను కొద్దికాలం పాటు ఒకచోటికి చేర్చడం అనే రెండు పనులూ ఈ ఋతువులో నేటికీ జరుగుతున్నాయి. మొదటిదానికి గ్యాలరీలు, అక్టోబరులో జరిగే కళా సంతలు ఉన్నాయి. దూరం నుంచి వచ్చినవారికి ఎక్కువ విలువైనది మాత్రం రెండోది అని నా అభిప్రాయం.

‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అని మనకొక సామెత ఉంది; ఎరువు అంటే ఇక్కడ అడిగి తెచ్చుకున్నది. తాత్కాలిక ప్రదర్శన విషయంలో ఆ సామెతను తిరగేసి చదువుకోవాలి. అక్కడ ఎరువు తెచ్చిన సొమ్మే అసలైన అందం. లూవ్ర్‌కు చెందిన చిత్రం వచ్చే ఏడూ లూవ్ర్‌లోనే ఉంటుంది. చికాగో నుంచో, బ్రస్సెల్స్ నుంచో వచ్చిన చిత్రం మాత్రం జనవరిలో పెట్టెకెక్కి తన ఊరికి వెళ్ళిపోతుంది; దాని పక్కన వేలాడిన మరో చిత్రం ఇంకో దిక్కుకు పోతుంది; ఆ రెండూ మళ్ళీ ఒకే గోడమీద కనిపించడానికి తరం పట్టవచ్చు, లేదా ఎన్నటికీ జరగకపోవచ్చు. కనుక ప్రదర్శనను ఎంచుకునేటప్పుడు చిత్రకారుడి పేరు ఎంత పెద్దదని కాకుండా, ప్రదర్శన ముగిశాక ఏమేమి చెదిరిపోతాయో చూసుకుని ఎంచుకోవడం మంచిది.

ఇటీవలి ఉదాహరణలు చూస్తే ఈ మాట తేటపడుతుంది. 2024 అక్టోబరు నుంచి 2025 జనవరి వరకు ఓర్సే మ్యూజియంలో చిత్రకారుడు కాయ్‌బోత్ ప్రదర్శన జరిగింది. వానలో గొడుగులు పట్టుకుని జనం నడుస్తున్న పారిస్ వీధిని అతడు 1877లో చిత్రించాడు. ఆ పెద్ద కాన్వాసు చికాగో మ్యూజియం సొత్తు. ప్రదర్శన పుణ్యమా అని అది కొన్ని నెలల పాటు తాను పుట్టిన ఊరికి వచ్చింది. చిత్రంలోని కూడలి సెన్ లజార్ స్టేషనుకు దగ్గరలో ఈనాటికీ ఉంది కాబట్టి, ఉదయం బొమ్మను చూసి సాయంత్రం ఆ రాళ్ళమీదే నడిచే అవకాశం అప్పుడు వెళ్ళినవారికి దొరికింది. 2025 శరత్కాలంలో అదే మ్యూజియంలో చిత్రకారుడు సార్జెంట్ ప్రదర్శన జరిగినప్పుడు, 1884 నాటి సలోన్‌లో పెద్ద దుమారం లేపిన ‘మదామ్ ఎక్స్’ చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి వచ్చింది. అదే సమయంలో లూవ్ర్‌లో చిత్రకారుడు దావీద్ మరణించి 200 ఏళ్ళయిన సందర్భంగా జరిగిన ప్రదర్శనకు, హత్యకు గురైన ఫ్రెంచి విప్లవ నాయకుణ్ణి చూపే ‘మరా మరణం’ చిత్రం బ్రస్సెల్స్ నుంచి వచ్చింది. దావీద్ వేసిన నెపోలియన్ పట్టాభిషేక చిత్రం దాదాపు 10 మీటర్ల వెడల్పుతో లూవ్ర్ పై అంతస్తులో ఎప్పుడూ ఉండేదే. ఉన్నది ఒక్క పూటే అయితే దాన్ని మరో ప్రయాణానికి వదిలి, బ్రస్సెల్స్ అతిథి ముందు నిలబడటమే తెలివైన పని.

ఎరువుల వెనుక ఉండే కథ కొన్నిసార్లు చిత్రమంత పెద్దది. మాస్కో వ్యాపారి షూకిన్ కొని దాచుకున్న మతీస్, పికాసో, గొగాన్ చిత్రాలు రష్యా విప్లవం తర్వాత జాతీయం అయి మాస్కోకూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌కూ పంపకమైపోయాయి. 2016 అక్టోబరులో లూయీ విటాన్ ఫౌండేషన్ అనే కళాసంస్థ వాటిలో ముఖ్యమైనవాటిని పారిస్‌కు తెచ్చి చూపించినప్పుడు 12 లక్షలమందికి పైగా వచ్చారు. అదే సంస్థ 2023లో అమెరికా చిత్రకారుడు రోత్కో ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, లండన్ టేట్ మ్యూజియంలో ఒక గది నిండా ఉండే ముదురు ఎరుపు చిత్రాల వరుస మొత్తం ఇక్కడికి తరలివచ్చింది.

ఏ ప్రదర్శనకు ఏవి ఎరువు వచ్చాయో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి మ్యూజియం తన వెబ్‌సైటులో పత్రికలవారి కోసం ‘దోసియే ద ప్రెస్’ అనే పత్రాన్ని పెడుతుంది. ప్రచారపు పేజీలో ఉండే పొగడ్తలు పక్కనపెట్టి దాన్ని దించుకుని చూడండి. అందులో ప్రతి చిత్రం కింద అది ఎక్కడిదో రాసి ఉంటుంది. ఆ జాబితాలో సగానికి మించి ఆ మ్యూజియం సొంత చిత్రాలే కనబడితే, అది ఇంట్లో ఉన్న సామాను సర్ది చూపిస్తున్న ప్రదర్శన అని గ్రహించవచ్చు. అటువంటివి చెడ్డవని కాదు గాని, తొందరలో ఉన్నవారికి అవి రెండో వరుసలోవి. ఒకే ప్రదర్శన ఒక ఖండం నుంచి మరో ఖండానికి తిరుగుతోందేమో కూడా ఈ పత్రంలోనే తెలుస్తుంది. కాయ్‌బోత్ ప్రదర్శన పారిస్ తర్వాత లాస్ ఏంజిల్స్‌కూ, చికాగోకూ వెళ్ళింది. సార్జెంట్ ప్రదర్శన న్యూయార్క్‌లో ముగిసి పారిస్‌కు వచ్చింది. మీరు ఉండే చోటికి దగ్గరగా అది ఎలాగూ వస్తుందనుకుంటే పారిస్‌లో ఆ పూటను మరొకదానికి కేటాయించవచ్చు.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కాగితం మీద గీసిన రేఖాచిత్రాలు, నీటిరంగులు, పాస్టెళ్ళు వెలుతురుకు పాడవుతాయి. వాటిని సుమారు 50 లక్స్ (వెలుతురు కొలత) మించని మసక వెలుగులో, సాధారణంగా మూడు నాలుగు నెలలకు మించకుండా చూపించి, ఆ తర్వాత కొన్నేళ్ళు చీకట్లో దాచిపెడతారు. శరత్కాల ప్రదర్శనలు జనవరితో ముగిసిపోవడానికి ఉన్న కారణాల్లో ఇది కూడా ఒకటి. ఒక్కోసారి ప్రదర్శన నడుస్తూ ఉండగానే అపురూపమైన కాగితం వెనక్కి వెళ్ళిపోతుంది. 2019 అక్టోబరు 24న లూవ్ర్‌లో లియొనార్దో ప్రదర్శన మొదలై 2020 ఫిబ్రవరి 24 వరకు సాగింది; పది లక్షలమందికి పైగా చూశారు. అయితే వృత్తంలోనూ చతురస్రంలోనూ చేతులు చాచి నిలిచిన మనిషి బొమ్మను వెనిస్ అకాదెమియా మ్యూజియం ఇటలీలో కోర్టు వ్యవహారం దాటుకుని ఇక్కడికి పంపినా, అది డిసెంబరు 14తోనే గోడ దిగిపోయింది. జనవరిలో టికెట్ దొరికిందని సంతోషించినవారు ఆ బొమ్మను చూడలేకపోయారు. అందుచేత మీరు కోరి వెళ్ళేది కాగితం మీది పని అయితే ప్రదర్శన మొదటి సగంలోనే వెళ్ళండి.

తైలవర్ణ చిత్రాల విషయంలో అంత తొందర అక్కర్లేదు. ప్రారంభమైన మొదటి రెండు వారాలు పత్రికల హడావుడి ఉంటుంది. చివరి రెండు వారాలు వాయిదా వేసుకుంటూ వచ్చిన నగరవాసులంతా ఒక్కసారి వచ్చి పడతారు. ఆ మధ్యలో అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు మొదటి రోజుల వరకు ఫ్రాన్సు బడులకు ‘తూసాన్’ సెలవులు రెండు వారాలు ఉంటాయి. పిల్లలతో కుటుంబాలన్నీ మ్యూజియంల బాట పడతాయి. నవంబరు 1, నవంబరు 11 ప్రభుత్వ సెలవులు. వీటన్నింటినీ తప్పిస్తే మిగిలేది నవంబరు రెండో సగం, డిసెంబరు మొదటి సగం. చలి పెరిగి, సాయంత్రం ఐదింటికే చీకటి పడే ఆ నెల రోజులను పర్యాటకులు ఇష్టపడరు. ప్రదర్శన కోసమే వెళ్ళేవారికి నేను ఎంచి చెప్పే సమయం మాత్రం అదే.

వారంలో ఏ రోజు అన్నది తర్వాతి లెక్క. లూవ్ర్, ఒరాంజరీ, లూయీ విటాన్ ఫౌండేషన్ మంగళవారం మూసి ఉంటాయి. ఓర్సే, పెటీ పాలే, పారిస్ నగర ఆధునిక కళా మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. దీనివల్ల సోమవారం లూవ్ర్ దగ్గరా, మంగళవారం ఓర్సే దగ్గరా జనం పెరుగుతారు. తాము వెళ్ళాలనుకున్న చోటు మూసి ఉండటంతో వచ్చి చేరినవారు కూడా ఆ వరుసలోనే ఉంటారు. వారానికి ఒకటి రెండు రాత్రులు ఆలస్యంగా మూసే ఏర్పాటును ‘నొక్టుర్న్’ అంటారు. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 వరకు, ఓర్సే గురువారం 9.45 వరకు, ఆధునిక కళా మ్యూజియం తాత్కాలిక ప్రదర్శనలకు గురువారం 9.30 వరకు, లూయీ విటాన్ ఫౌండేషన్ శుక్రవారం 9 వరకు తెరిచి ఉంచే ఆనవాయితీ ఉంది. సాయంత్రం ఏడు దాటాక విహారయాత్రల బృందాలు వెళ్ళిపోతాయి. పగటిపూట మూడు వరుసల తలల వెనుక నుంచి చూడవలసివచ్చే చిత్రం ముందు అప్పుడు ఒంటరిగా నిలబడవచ్చు. ప్రయాణానికి ముందు వేళలను ఆయా వెబ్‌సైట్లలో మరోసారి సరిచూసుకోవాలి; సిబ్బంది సమ్మెల వల్ల ఉదయం తలుపులు తెరుచుకోని రోజులు కూడా ఈ నగరంలో అరుదు కాదు.

భవనాల స్వభావం తెలిసి ఉండటం కూడా అవసరమే. లూవ్ర్‌లో పెద్ద ప్రదర్శనలు గాజు పిరమిడ్ కిందనున్న నెపోలియన్ హాలులో జరుగుతాయి. పైనున్న శాశ్వత సేకరణలోకి ఒకసారి కాలుపెట్టారంటే ప్రదర్శనకు ఓపిక మిగలదు, కనుక ముందు కిందిదే చూడాలి. ఓర్సే 1900లో కట్టిన రైల్వే స్టేషను. 1986లో మ్యూజియం అయింది. ప్రదర్శన గదుల్లో జనం కిక్కిరిసినా, మధ్యలో ఉన్న విశాలమైన హాలులోకి వచ్చి శిల్పాల మధ్య కూర్చుని తేరుకోవచ్చు. ఫ్రాంక్ గెహ్రీ రూపకల్పనలో 2014లో తెరిచిన లూయీ విటాన్ ఫౌండేషన్ నగరం పడమటి అంచున, బూలోన్ అడవిలో ఉంది. మెట్రో 1వ లైనులో ‘లె సాబ్లోన్’ దగ్గర దిగి పావుగంట నడవాలి, లేదా విజయ తోరణం ఉన్న ఎత్వాల్ కూడలి దగ్గర ఆ సంస్థ నడిపే చిన్న బస్సు ఎక్కాలి. అక్కడ ప్రదర్శన చాలాసార్లు భవనం అంతటా, అన్ని అంతస్తుల్లో పరుచుకుని ఉంటుంది కాబట్టి పూట మొత్తం దానికే ఉంచుకోవాలి.

జాక్‌మార్-ఆంద్రే మ్యూజియం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒస్మాన్ వీధిలో ఒక దంపతులు సేకరించిన కళతో నిండిన పాత భవంతి అది. 2025 శరత్కాలంలో అక్కడ జార్జ్ ద లా తూర్ ప్రదర్శన జరిగింది. ప్రదర్శన గదులు చిన్నవి. పదిహేనుమంది చేరితే ఊపిరాడదు. కొవ్వొత్తి వెలుగులో ఉన్న ముఖాలను నెమ్మదిగా చూడవలసిన చిత్రకారుడికి ఇరుకు గదులు ఇంకా ఇబ్బంది. అటువంటి చోట తలుపులు తెరిచే వేళకే, మొదటి గంట టికెట్ తీసుకుని వెళ్ళడం తప్ప వేరే ఉపాయం లేదు. ఆధునిక కళకు పేరున్న పాంపిడూ కేంద్రాన్ని మరమ్మతుల కోసం 2025లో మూసివేశారు. 2030లో తిరిగి తెరవాలని నిర్ణయించారు. పాత యాత్రా మార్గదర్శక పుస్తకాల్లో దాని పేరు చూసి బయలుదేరవద్దు. ఈలోగా అది తన ప్రదర్శనలను ఇతర సంస్థలతో కలిసి వేరే భవనాల్లో జరుపుతోంది. వాటిలో గ్రాండ్ పాలే ముఖ్యమైనది.

టికెట్ విషయంలో నియమం ఒక్కటే: సమయం వేసిన టికెట్ ఆన్‌లైనులో ముందే కొనాలి. ‘కోంప్లే’ అని కనిపిస్తే ఆ సమయానికి చోటు నిండిపోయిందని అర్థం. అయినా మ్యూజియం సైటును రోజూ ఉదయం చూస్తూ ఉంటే ఒకటి రెండు దొరకడం మామూలే. ఓర్సేలో ఒక్క టికెట్‌తో శాశ్వత సేకరణ, తాత్కాలిక ప్రదర్శన రెండూ చూడవచ్చు. గురువారం సాయంత్రం ధర కూడా తగ్గుతుంది. లూవ్ర్ 2026 జనవరి నుంచి ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటి దేశాలవారికి 32 యూరోల ధర పెట్టింది; 18 ఏళ్ళలోపు వారికి ప్రవేశం ఉచితం. చాలా మ్యూజియంలకు కలిపి ఇచ్చే ‘పారిస్ మ్యూజియం పాస్’ శాశ్వత సేకరణలు వరసగా తిరిగేవారికి లాభమే గాని, లూయీ విటాన్ ఫౌండేషన్, జాక్‌మార్-ఆంద్రే వంటివి అందులో ఉండవు కనుక ప్రదర్శనల కోసం వచ్చినవారికి దాని ఉపయోగం తక్కువ. ఓర్సే ప్రతి నెలా మొదటి ఆదివారం ఉచితంగా తెరుస్తుంది. అక్కడ ప్రదర్శన చూడాలనుకుంటే సరిగ్గా ఆ రోజునే తప్పించాలి.

డబ్బు ఖర్చు లేకుండా చూడగలిగినవి కూడా ఉన్నాయి. పెటీ పాలేలోనూ, ఆధునిక కళా మ్యూజియంలోనూ శాశ్వత సేకరణకు టికెట్ లేదు. ఆధునిక కళా మ్యూజియంలో రావూల్ దూఫీ 1937లో విద్యుత్తును గురించి 250 పలకల మీద వేసిన బ్రహ్మాండమైన చిత్రం ఒక పెద్ద గది గోడలను చుట్టుకుని ఉంటుంది. ప్రైవేటు గ్యాలరీలు అన్నీ ఉచితమే. మారే ప్రాంతంలో, సెన్ నది ఎడమ ఒడ్డున రూ ద సెన్ వీధిలో, మతిన్యోన్ వీధిలో అవి గుంపులుగా ఉంటాయి. సాధారణంగా ఆదివారం, సోమవారం తెరవరు. ప్రారంభోత్సవాన్ని ‘వెర్నిసాజ్’ అంటారు. ప్రదర్శన ముందురోజు చిత్రకారులు బొమ్మలకు వార్నిష్ పూసుకునే అలవాటు నుంచి వచ్చిన మాట. అక్టోబరులో గ్రాండ్ పాలేలో ఆర్ట్ బాసెల్ పారిస్, నవంబరులో పారిస్ ఫోటో జరుగుతాయి. అవి అమ్మకపు సంతలు. వందలకొద్దీ కొట్లలో గంటలు తిరిగాక ఏది చూశామో గుర్తుండదు. సంత జరిగే వారం నగరంలో హోటల్ గదుల ధరలు పెరుగుతాయి గాని, అదే వారంలో గ్యాలరీలన్నీ తమ దగ్గరున్న మేలైనవి గోడకెక్కిస్తాయి. సంతకు టికెట్ కొనకుండా గ్యాలరీలు తిరగడం నా సలహా.

రోజుకు ఒక పెద్ద ప్రదర్శన, దానికి తోడు ఒక చిన్నది, అంతకుమించి పెట్టుకోకూడదు. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు కాబట్టి చిన్న సంచితో వెళ్ళి, శీతాకాలపు కోటును సామాను గదిలో ఇచ్చేయండి; వేడిగా ఉండే గదుల్లో దాన్ని చేతిమీద మోసుకుంటూ తిరిగితే గంటకే అలసట వస్తుంది. ఫ్లాష్ ఎక్కడా ఒప్పుకోరు. చిత్రం ఇచ్చిన యజమాని షరతు పెట్టి ఉంటే ఆ ఒక్క చిత్రానికి ఫోటో కూడా నిషేధమే. రాసుకోవడానికి పెన్ను కాకుండా పెన్సిల్ తీసుకెళ్ళాలి.

మొదటి గది ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది. గోడమీద ఉన్న పెద్ద పరిచయపాఠాన్ని చదవడానికి, చెవులకు యంత్రాలు సరిచేసుకోవడానికి అందరూ అక్కడే ఆగిపోతారు. ఆ పాఠం మ్యూజియం సైటులోనే ఉంటుంది. దాన్ని ముందురోజు రాత్రి గదిలో చదివేసుకుని, ఇక్కడ ఆగకుండా ముందుకు సాగండి. తొలి విడత ప్రదర్శన చివరి వరకు ఎక్కడా ఆగకుండా పదిహేను నిమిషాల్లో నడిచేసి, ఏ గదిలో ఏముందో, మనసు ఎక్కడ పట్టుకుందో చూసుకోవాలి. రెండో విడతలో వెనక్కి నడుస్తూ ఆ పట్టుకున్న ఏడెనిమిది చిత్రాల ముందు మాత్రమే నిలబడాలి. ప్రతి చిత్రం పక్కన ఉండే చిన్న పలకలో పేరు, సంవత్సరం చూసి ఊరుకోకుండా చివరి పంక్తి కూడా చదవండి. ఏ ఊరి ఏ మ్యూజియం నుంచి వచ్చిందో అక్కడ ఉంటుంది. ‘కొలెక్సియోన్ పర్తిక్యులియేర్’ అని ఉంటే అది ఎవరి ఇంటి గోడమీదనుంచో వచ్చింది, ప్రదర్శన అయ్యాక మళ్ళీ ఆ ఇంటికే వెళుతుంది. అటువంటిదాని ముందు ఇంకొక ఐదు నిమిషాలు ఎక్కువ ఉండవచ్చు.

మూసే వేళకు ముప్పావుగంట, గంట ముందే ప్రవేశం ఆపేస్తారు. ఆ తర్వాత కొత్తవారు రారు కనుక, పొద్దున్న నిలబడటానికి చోటు లేని మొదటి గది అందరికంటే ముందు ఖాళీ అవుతుంది. కాపలావాళ్ళు చివరి గదులనుంచి జనాన్ని బయటికి పంపడం మొదలుపెట్టకముందే అక్కడికి తిరిగి వెళ్ళగలిగితే, పదినిమిషాలో పావుగంటో ఆ గది పూర్తిగా మీది.